స్వీడన్ ముచ్చట్లు - 9: పేరు చివరి అయ్య

పోయినసారి ఇల్లు దొరకడానికి పడ్డ తిప్పలు రాశాను. ఈసారి భాష సంగతి.

నేను స్వీడిష్ నేర్చుకుంటున్నది ఎస్ఎఫ్ఐలో. నవ్వకండి, మన క్యాంపస్ ఎస్ఎఫ్ఐ కాదు. 'స్వెన్స్కా ఫోర్ ఇన్వాండ్రరే', అంటే వలస వచ్చినవాళ్ళకు స్వీడిష్. ఇక్కడి మున్సిపాలిటీలు ఉచితంగా నేర్పిస్తాయి. 'ఏడు' అనే అంకె పలకడానికే నాకు నెల పట్టింది. దీపం ఆర్పినట్టు ఊదాలి. అవన్నీ వస్తాయి లెండి. నాకు రానిది వేరే ఉంది.

స్వీడిష్‌లో 'దూ' అంటే నువ్వు. 'నీ' అంటే మీరు. (మన 'నీ' కాదు, తికమక పడకండి.) మొదటి వారం మా టీచరమ్మను 'నీ' అన్నాను. అరవై ఐదు దాటిన మనిషి, పైగా చదువు చెప్పే మనిషి. నా నోటికి ఇంకోటి ఎట్లా వస్తుంది? ఆమె ముఖం మాడ్చుకుంది. "నన్నట్లా పిలవకు. మా అమ్మ పెద్దవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసేది. ఆమెను 'నీ' అనేవాళ్ళు" అంది.

'మీరు' అంటే తిట్టా? బుర్ర తిరిగింది. తర్వాత అర్థమైంది. వెనకట ఇక్కడ హోదా ఉన్నవాళ్ళను ఆ హోదాతోనే పిలవాలి. "డాక్టర్‌గారు కాఫీ తాగుతారా?" అని, ఎదురుగా ఉన్నా లేనట్టే అడగాలి. ఏ హోదా లేనివాళ్ళకు మాత్రం 'నీ' పడేసేవాళ్ళు. 1967లో బ్రూర్ రెక్సేద్ అనే ఆయన దేశ వైద్య శాఖకు అధిపతిగా వస్తూనే, ఉద్యోగులందరినీ 'దూ' అంటానని, తననూ అట్లాగే అనమని చెప్పాడు. మార్పు అంతకుముందే మొదలైంది గానీ పేరు ఆయనకు వచ్చింది. కొన్నేళ్ళలో దేశమంతా 'దూ' అయిపోయింది. రాజకుటుంబానికి మాత్రం మినహాయింపు.

ఇంకోటి వినండి. ఇక్కడి కుర్రాళ్ళు ఎదురైతే 'షేనా' అంటారు. 'ఏం భాయ్' లాంటిదే. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? సేవకుడు అనే మాట నుంచి. 'తమ సేవకుణ్ణి' అని వంగి చెప్పే మాట అది. అంటే మన 'నీ బాంచెన్'! ఇప్పుడు ఆఫీసులో మేనేజరు, బాత్‌రూములు కడిగేటాయన ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు.

మా నాయిన దొర దగ్గర జీతం ఉన్నాడు. దొర కొడుకు పదేళ్ళోడు "ఒరేయ్" అంటే నాయిన "దొరా" అని ఉరికేవాడు. నాయిన పేరు చివర 'అయ్య' ఉంది. ఆ అయ్య మా ఊళ్ళో ఎవరి నోట్లోంచీ రాలేదు. దాన్ని కోసేసి 'గా' తగిలించేవాళ్ళు. మా వాడలో అంబేద్కర్ యువజన సంఘం పెట్టుకున్నాక మేం చేసిన మొదటి పని, మా పెద్దల్ని మేమే పూర్తి పేరుతో పిలవడం. దానికీ ఊళ్ళో గొడవైంది.

అందుకే 'దూ' అనడం నాకు తేలికగా రావడం లేదు. వీళ్ళు పైవాళ్ళను నువ్వు దాకా దింపి సమానమయ్యారు. మాకు నువ్వు ఎప్పుడూ ఉన్నదే, 'మీరు' కోసమే కొట్లాడాం. పైగా 'మీరు' దొరికితే అయిపోతుందా? ఇక్కడే ఒక తెలుగాయన భోజనానికి పిలిచి గంటసేపు 'మీరు, మీరు' అన్నాడు. ఇంటిపేరు అడిగాడు. ఊరు అడిగాడు. ఊళ్ళో ఏ వైపు అని అడిగాడు. చెప్పాను. ఆ తర్వాతా 'మీరు' అనే అన్నాడు, కానీ మళ్ళీ పిలవలేదు. స్వీడన్‌ను గొప్ప చేయడం లేదు, నా పేరు చూసి ఫోన్ చేయని కంపెనీలూ ఇక్కడ ఉన్నాయి.

పోయిన వారం హోంవర్కు: 'మా నాన్న' మీద పది వాక్యాలు. జీతం గురించి రాయడానికి నాకు స్వీడిష్ చాలలేదు. నాయిన పేరు మాత్రం పూర్తిగా రాశాను. టీచరమ్మ క్లాసులో పైకి చదివింది. పేరు దగ్గర ఆగింది. తప్పు పలికింది. "సరిగ్గా ఎట్లా?" అని నన్నడిగి, మళ్ళీ మొదటి నుంచి, చివరి అయ్యతో సహా పలికింది. ఆమెనడిగి ఫోన్‌లో రికార్డు చేసి నాయినకు వాట్సాప్‌లో పంపాను.

రాత్రి అవ్వ ఫోన్ చేసింది. "మీ నాయినకు ఆ ఫోన్ల మళ్ళ పెట్టుడు రాదు బిడ్డా. పొద్దటి సంది నాతోని నాలుగుసార్లు పెట్టిచ్చుకున్నడు" అంది.