కొండ మీద గాలి కొలిచిన ఏడాది

మా ఊరి వెనక కొండ మీద గాలి కొలిచే స్తంభం నిలబెట్టేనాటికి నాకు డిగ్రీ అయిపోయి పనిలేదు. నెలకోసారి పైకెక్కి, పెట్టెలో కార్డు మార్చి రావడానికి నన్ను పెట్టుకున్నారు. 50 మీటర్ల ఇనుప గొట్టం, నలువైపులా లాగి కట్టిన తీగలు, పైన గిరగిరా తిరిగే మూడు గిన్నెలు. 10 నిమిషాలకొక సగటు ఆ కార్డులో పడేది.

ఉమ్మడి అనంతపురం జిల్లాకు గాలిమరల సంగతి కొత్తది కాదు. రామగిరి కొండల మీద 1990లలోనే మరలు తిరిగాయి. ఆషాఢంలో మా కొండ మీద నిలబడితే కళ్లు తెరవనివ్వదు గాలి. దాని వేగం రెట్టింపైతే అందులో శక్తి 8 రెట్లవుతుందని ఇంజనీరు సారు చెబితే నోరు తెరుచుకుని విన్నాను. అందుకే సెకనుకు అర మీటరు ఎక్కువ వీచే చోటు కోసం శిఖరమంతా గాలించారు. ముందున్న మర వెనకదాని గాలిని తినెయ్యకుండా ఎడం లెక్కగట్టి, మేకులు పాతి ఎర్రగుడ్డలు కట్టారు. మోసే పని నాదే. గర్వంగా మోశాను.

గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకరోజు ఆ మేకులు చూస్తూ నిలబడిపోయాడు. "గాలి యాడుందో బాగానే కనుక్కున్నారబ్బోడా. నీళ్లు యా పక్క దిగుతాయో ఎవురన్నా అడిగినారా?" అన్నాడు. నేనూ అడగలేదు.

కాగితాల్లో ఆ కొండ పోరంబోకు. మాకది మేత, ఇంటికప్పుకు బోదగడ్డి, కింద కుంటకు నీళ్లు. కేంద్రం 2006 నాటి పర్యావరణ అనుమతుల జాబితాలో గాలిమరలు లేవు గనక ఊళ్లో అభిప్రాయ సేకరణ సభ జరగలేదు. ఇళ్లకు 500 మీటర్ల దూరమన్న మాట 2016 మార్గదర్శకాల్లో వచ్చింది. అది ముందే ఉన్నా మాకు ఒరిగేదేమీ లేదు, కొండ మీద ఇళ్లెక్కడివి?

నష్టం చేసింది మర కాదు, దారి. అంత పొడుగు రెక్క మలుపు తిరగాలంటే వెడల్పాటి బాట కావాలి. కొండను తొలిచి మట్టిని వంకల్లోకి తోశారు. మొదటి పెద్దవానకే అది దిగి కుంటలో మేట వేసింది. గొర్రెలు దాటే చోట నిలువుగా తెగిన గట్టు. పెద్దాయన మందను చుట్టూ తిప్పుకు పోవడం ఆ ఏడంతా చూశాను. ఆయన ముఖం చూడలేక పక్కకు తప్పుకునేవాణ్ణి.

తర్వాత ఇంకో కొండకు అదే పని మీద వెళ్లాను. మేకులు పాతకముందే అక్కడి కాపరులిద్దరిని సారు దగ్గరకు తీసుకుపోయాను. వాళ్లు చేతికర్రలతో నేల మీద వంకలు గీసి చూపించారు. సారు చాలాసేపు వంగి చూశాడు. బాట ఒకచోట పక్కకు జరిగింది, ఒక మేకు 60 అడుగులు వెనక్కి వెళ్లింది. గాలి లెక్కలో తేడా రాలేదు. ఇంకో రెండు మేకులు మాత్రం జరగలేదు. అవి ఎక్కడున్నాయో నాకిప్పటికీ గుర్తే.