ముందు నీళ్లు, ఆ తర్వాతే రొయ్య

కృత్తివెన్ను తీరాన రొయ్యల చెరువు దెబ్బతిన్నప్పుడల్లా నింద మొదట సీడు (రొయ్య పిల్లలు) మీదికి, తర్వాత మేత మీదికి, చివరికి వాతావరణం మీదికి పోతుంది. మూడింటిలోనూ ఎంతోకొంత నిజముంది. కానీ అసలు తప్పు చాలాసార్లు సీడు రాకముందే, నీళ్ల దగ్గరే జరిగిపోతోంది. గాజుతొట్టెలో ఉప్పునీళ్లు నింపి పగడాలు పెంచేవాళ్లలో తెలిసినవాళ్లు కొన్ని వారాలపాటు అందులో ఒక్క చేపనూ వదలరు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకునేదాకా ఆగుతారు. ఎకరాల చెరువుకైనా సూత్రం ఇదే. పట్టుబడి కాగానే నల్లబురద తీసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, నీళ్లు పెట్టాక రంగు తిరిగేదాకా ఆగాలి. ఈ ఓపిక లేకపోతే ఎంత మంచి సీడైనా నిలవదు.

సీడు వదిలాక చేసే తప్పు ఆశతో మొదలవుతుంది. వెనామి రకం రొయ్య పిల్లలు చదరపు మీటరుకు 60 మించకూడదని నిబంధన ఉన్నా, ఎక్కువ వదిలితే ఎక్కువ పండుతుందనుకుంటారు. ఆ లెక్కకు తగ్గట్టే మేత పోస్తారు. మేతలో దాదాపు మూడో వంతు మాంసకృత్తులే. వాటిలోని నత్రజనిలో ఎక్కువ భాగం రొయ్య ఒంటికి పట్టకుండా నీళ్లలోనే మిగిలి అమ్మోనియా అవుతుంది. మధ్యాహ్నం నీటి పీహెచ్ పెరిగేకొద్దీ అది మరింత విషమవుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుక్కి పడిపోతుంది. మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్‌ట్రే పైకెత్తితే మేత మిగిలి ఉండి, రొయ్య పేగు అక్కడక్కడా ఖాళీగా కనిపించిందంటే ఆ పూట మేత తగ్గించాలి, నీళ్లు పరీక్షించాలి. చాలామంది అప్పుడే మందుల షాపుకు బయల్దేరతారు. 1990ల నడుమ వైరస్ వల్ల వచ్చే తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను కుదిపేసింది. 2009లో వెనామికి అనుమతి వచ్చింది. రొయ్య మారింది గానీ ఆ వైరస్‌కు ఈనాటికీ మందు లేదు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. యాంటీబయాటిక్ అవశేషం రొయ్యలో దొరికితే మాత్రం ఎగుమతి సరుకు తిరిగొస్తుంది.

కౌలు, వడ్డీ నెత్తిన ఉంటే చెరువు ఎండబెడుతూ కూర్చోగలమా అని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఎండబెట్టడానికి పోయేవి కొన్ని వారాలు. నెలన్నరకే రొయ్య తేలిపోతే పోయేవి సీడు, మేత, కరెంటు ఖర్చులన్నీ. కౌలు గడువులోనే ఈ విరామాన్ని కలిపి మాట్లాడుకోవడం యజమానికీ మేలే, చెరువు పాడవకుండా ఉంటుంది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. కొల్లేటి నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేరూ దాని పాయలూ అందరివీ. పక్కవాడు జబ్బు నీళ్లు వదిలితే ఒక్కడి జాగ్రత్త ఏపాటిదని అంటారు. ఇది నిజం గనుకే జాగ్రత్త ఒక్కడిది కాకూడదు. తోడిన నీళ్లను ముందు నిల్వ చెరువులో పెట్టి, క్లోరిన్ వేసి, ఆ ఘాటు పోయాకే వాడుకోవాలి. జబ్బు చెరువును బ్లీచింగ్ చెయ్యకుండా గండి కొట్టకూడదు. నిబంధనలు కోరే శుద్ధి చెరువును చిన్న రైతులు నలుగురైదుగురు కలిసి తవ్వుకోవచ్చు. జబ్బు కనిపించిన రోజే పక్క రైతుకు కబురు చెప్పడానికి పైసా ఖర్చు లేదు. ఒకే ఏటి నీళ్లు తాగే చెరువుల మధ్య దాపరికమే అన్నిటికన్నా పెద్ద తప్పు, మానుకోవడానికి అన్నిటికన్నా తేలికైనదీ అదే.