కొండ మీద చెవి

కైలాసగిరి ఎక్కినవాళ్లంతా సముద్రం వైపు పరుగెడతారు, ఫొటోల కోసం. రేడియో పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఊరి వైపు తిరిగి చూస్తారు... ఏ కొండ ఏ పేటకు అడ్డమొస్తోందా అని!

విశాఖ అందమంతా కొండల్లోనే ఉంది. హ్యామ్‌ల తలనొప్పీ అక్కడే. ప్రభుత్వ పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సరదాగా సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లే హ్యామ్‌లు. వాళ్ల చేతిలో ఉండేది అయిదు వాట్ల సెట్టు. దాని తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత దూరమే వెళ్తాయి. బీచ్ రోడ్డులో నిలబడి పిలిస్తే స్టీల్ ప్లాంట్ వైపు ఉన్నవాళ్లకు అందడం కష్టం. మధ్యలో మేడలు, యారాడ కొండలు. అందుకే ఇలాంటి ఊరికి ఎత్తయిన చోట రిపీటర్ కావాలి. సన్నటి మాటను విని, అదే క్షణంలో గట్టిగా తిరిగి చెప్పడం దాని పని.

వినేది ఒక ఫ్రీక్వెన్సీలో, చెప్పేది మరోదాంట్లో. రెండు మీటర్ల బ్యాండులో ఆ రెంటికీ తేడా సాధారణంగా 600 కిలోహెర్ట్‌జ్ మాత్రమే. ఒకే యాంటెన్నాతో రెండు పనులూ చేయడమంటే, బాజాభజంత్రీల పక్కన కూర్చుని గుసగుసలు వినడమే! ఆ బాజాల హోరును చెవిన పడకుండా ఆపేవి డ్యూప్లెక్సర్ అనే లోహపు డబ్బాలు. వాటిలోని కడ్డీలను కొద్దికొద్దిగా జరుపుతూ శ్రుతి చేస్తారు.

అసలు చిక్కు ఏమిటంటే, రిపీటర్ గొంతు బాగానే ఉంటుంది, చెవి పోతుంది. అందరికీ ఖంగుమని వినిపిస్తుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దూరంగా ఉన్నవాడి పిలుపు మాత్రం దానికి అందదు. అప్పుడు యాంటెన్నా తీసి డమ్మీ లోడు తగిలించి, సన్నటి సిగ్నల్ ఇచ్చి చూడాలి. చెవి బాగుపడితే తప్పు పైన ఉన్నట్టు... యాంటెన్నాలోనో, కేబుల్‌లోనో, కనెక్టర్లలోనో. అప్పటికీ వినకపోతే ముందు డబ్బాల శ్రుతినే అనుమానించాలి. తొందరపడి మొదటే కడ్డీలు తిప్పితే మంచిదాన్ని చెడగొట్టుకున్నట్టే. సముద్రం పక్కన ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, టేపు ఊడితే కేబుల్‌లోకి నీళ్లు దిగుతాయి.

ఇదంతా ఎందుకంటారా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి, కైలాసగిరి మీది వాతావరణ రాడార్ కూడా దెబ్బతింది. హైదరాబాద్‌లో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నుంచి హ్యామ్‌లు సెట్లు పట్టుకుని సాయానికి వచ్చారు. అలాంటి రోజున చెవి పోయిన రిపీటర్ ఉన్నా లేనట్టే.

ఈ తీరానికి పెద్ద తుపాన్ల భయం అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ. కాబట్టి కొండెక్కాల్సింది సెప్టెంబరులోనే. సంచిలో స్పానరు, టేపు, డమ్మీ లోడు, చార్జింగ్ చూడ్డానికి మీటరు... వానాకాలం కదా, ఓ గొడుగు కూడా.