కాలిన యింటిని ఏమి చేయవలెను?



ఇల్లు కాలినవారిని ఓదార్చుట మనకు కొంత తెలియును. అన్నము వండి తీసికొనిపోవుదుము, బట్టలు పంపుదుము, వారితో కూర్చుండి ప్రార్థన చేయుదుము. అయితే నెల గడచిన తరువాత ఆ కుటుంబము ఎదుట వేరొక ప్రశ్న నిలుచును. మిగిలిన గోడలను పడగొట్టి స్థలముగా అమ్మవలెనా? ఉన్నది ఉన్నట్లు అమ్మవలెనా? ఇది డబ్బు సంగతి, మేస్త్రీల సంగతి అని తోచును. కాని ఇందులో మన భక్తికిని పరీక్ష కలదని మా కుటుంబములో జరిగినదానివలన గ్రహించితిని గనుక మీకు వ్రాయుచున్నాను.

ఆ ఇల్లు నా తమ్మునిది. అతడు ప్రభువునందు నిద్రించుటకు ముందే దానిని భార్య పేర వ్రాసెను. ముందు భాగము మా తండ్రిగారి నాటిది: సున్నముతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలములు. వెనుక రెండు స్లాబు గదులు తమ్ముడు కట్టించినవి. వంటగదిలో పుట్టిన మంట ఆ రెండు గదులను కాల్చి, ముందు భాగపు దూలములను నల్లగా మాడ్చినది. మరదలికిని ఆమె ఇద్దరు ఆడపిల్లలకును ఏ హానియు కలుగలేదు, దేవునికి స్తోత్రము. అన్నియు కాలినవి గాని, చేబదుళ్లుగా తెచ్చిన అప్పు మాత్రము కాలలేదు. అది తీరవలెనన్న ఇల్లు అమ్మక తప్పలేదు.

సలహాలకు కొదువ లేదు. "కాలిన ఇల్లు ఎవరు కొందురు? అంతయు పడగొట్టి నేల చదును చేయించండి" అని ఒకరనిరి. "ఆ ఖర్చు మనకెందుకు? కొన్నవాడే పడగొట్టుకొనును" అని మరియొకరనిరి. బేరములు కుదిర్చే ఒకాయన వచ్చి, "స్లాబు అడుగున సిమెంటు పూయించి రంగు వేయించండి. కాలినట్లు ఎవరికిని తెలియదు. నిండు వెల వచ్చును" అనెను. ఈ మూడవ మాట చాలమందికి ఇంపుగా నుండెను. విధవరాలి అప్పు తీరునుగదా అని దానికి దయ అను పేరు కూడ పెట్టిరి. అయితే ముగ్గురిలో ఒక్కరైనను ఇంటిని పరీక్షింపలేదు.

చదువరీ, లేవీయకాండము 14వ అధ్యాయము తీసి చూడుము. కనాను దేశములో ఒకని యింటి గోడలో కుష్ఠుపొడ వంటిది కనబడినయెడల ఏమి చేయవలెనో అక్కడ వ్రాయబడియున్నది. మొదట ఆ యింటివాడే యాజకుని యొద్దకు వెళ్లి తెలియజేయవలెను. ఎవరో కనిపెట్టువరకు దాచిపెట్టరాదు. యాజకుడు ఇల్లు ఖాళీ చేయించి, లోపలికి పోయి, మచ్చ గోడ పైననే యున్నదా, లోనికి దిగినదా అని చూచును. ఏడు దినములు ఇల్లు మూయించును. మచ్చ వ్యాపించినయెడల ఆ రాళ్లను మాత్రమే ఊడదీయించి వేరు రాళ్లు పెట్టించి, క్రొత్త అడుసు పూయించును. అటు తరువాతను మచ్చ తిరిగి వచ్చినయెడలనే ఇల్లు పడగొట్టించును. చూచితివా, దేవుని ధర్మశాస్త్రములో తొందర లేదు, కప్పిపుచ్చుటయు లేదు. కూల్చుట చివరి మాట, పరీక్షించుట మొదటి మాట.

మేమును అమ్మకమువలన గాని కూల్చుటవలన గాని లాభము లేని ఒక ఇంజనీరుగారిని పిలిచితిమి. ఆయన చెప్పినది విని ఆశ్చర్యపడితిమి. మేము పనికిరాదనుకొన్న టేకు దూలములు పైపొర మాత్రమే బొగ్గయినవి. లావైన కఱ్ఱ నిమిషమునకు ఒక మిల్లీమీటరుకంటె తక్కువగానే మాడునట. ఆ బొగ్గుపొరయే లోపలి చేవను కాపాడును. ఇటుక ముందే ఆవములో కాలి వచ్చినది గనుక మంటకు అంతగా లొంగదు. అతుకుల సున్నమును మాత్రము చూచుకొనవలెను. బాగున్నదనుకొన్న స్లాబే చెడినది. కాంక్రీటు సుమారు 300 డిగ్రీల వేడికి కంకరను బట్టి గులాబి రంగు తిరుగును. 600 డిగ్రీలు దాటినచో తెల్లబారి గుల్లయగును. ఆ వేడిలో లోపలి ఇనుపకడ్డీల బలము సుమారు సగమునకు పడిపోవును. చల్లారిన తరువాత ఇనుము కొంత కోలుకొనినను కాంక్రీటు కోలుకొనదు. ఆయన సుత్తితో తట్టగా ఒకచోట గణగణ మ్రోగినది, వేరొకచోట డొల్లగా పలికినది. నల్లనిది నిలుచునది, తెల్లనిది కూలునది! కంటికి కనబడుదానిని బట్టి తీర్పు తీర్చవద్దని ప్రభువు చెప్పినది ఆ దినమున నాకు క్రొత్తగా అర్థమైనది.

ఇప్పుడు నిర్ణయము మరదలిది. పూత పూయించి అమ్మినయెడల అప్పు పూర్తిగా తీరి, పిల్లల చదువునకు కొంత మిగులును. నిజము చెప్పినయెడల వెల తగ్గును. ఆమె చాలసేపు ఊరకుండి, "బావగారూ, ఆ స్లాబు క్రింద రేపు ఎవరి పిల్లలో పండుకొందురు. నా పిల్లలను దేవుడు బయటికి తెచ్చిన గదిలోనికి వారిని నేనెట్లు పంపుదును?" అనెను. ఇక వాదింపవలసినది ఏమియు లేకపోయెను.

మన దేశపు చట్టమును ఆమె పక్షముననే యున్నది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, కొనువాడు సాధారణమైన జాగ్రత్తతో చూచినను కనిపెట్టలేని లోపము అమ్మువానికి తెలిసియుండినయెడల, దానిని చెప్పుట అతని విధి. యెహెజ్కేలు 13వ అధ్యాయములోని గచ్చుపూత గోడను గూర్చి చదివినవారికి ఈ చట్టము క్రొత్తది కాదు. వాన వచ్చును, వడగండ్లు వచ్చును, పూత రాలును.

మేము స్లాబు గదులు రెండును పడగొట్టించితిమి. ముందు భాగమును నిలిపితిమి. కాలిన సంగతియు, ఇంజనీరుగారు చెప్పినదియు కాగితముపై వ్రాసి, కొనవచ్చినవారికి ముందే చూపితిమి. కొందరు చదివి వెళ్లిపోయిరి. చివరకు కొన్నవారు పాత గోడల కొరకే కొనిరి. వెల తక్కువే వచ్చినది. అప్పులో కొంత నిలిచియున్నది, మరదలు కుట్టుపని చేసి తీర్చుచున్నది. నిజము చెప్పినవానికి వెంటనే లాభము కలుగునని నేను మీకు చెప్పను. ఆమె రాత్రి నెమ్మదిగా నిద్రించుచున్నదని మాత్రము చెప్పగలను.

మీకిట్టి కష్టము కలిగినయెడల ఈ సంగతులు మరువకుడి. కరెంటు తీయించక లోపలికి పోకుడి. బీమా ఉన్నయెడల వారి సర్వేయరు చూచువరకు ఏదియు పడగొట్టకుడి. తాకట్టులో నున్నయెడల అప్పిచ్చినవారి సమ్మతి పొందుడి. పురపాలక సంఘమును గాని పంచాయతీని గాని అడుగుడి. తలుపులు, దూలములు, ఇటుకలు వేరుగా తీయించిన కొంత సొమ్ము వచ్చును. పడిపోవు గోడ దారి ప్రక్కన ఉన్నయెడల మాత్రము ఆలస్యము చేయక, అధికారులకు తెలిపి, మొదట దానిని దింపించుడి. అది బాటసారుల ప్రాణము.

నెహెమ్యా యెరూషలేమునకు వచ్చి మూడు దినములైన తరువాత, రాత్రివేళ కొద్దిమందితో కాలిన గుమ్మములను, కూలిన గోడలను చూచుచు తిరిగెను. చూచిన తరువాతనే కట్టుదము రండని పిలిచెను. కాలిన రాళ్లు మరల పనికివచ్చునా అని సన్బల్లటు ఎగతాళి చేసెను. అయినను 52 దినములలో గోడ ముగిసినది. చదువరీ, మన బ్రదుకులలోను కాలిన గదులున్నవి. వాటికి పూత పూయవద్దు, అన్నియు పోయినవని మొత్తము కూల్చవద్దు. ప్రభువును లోపలికి పిలువుము. ఆయన తట్టి చూచును. తీయవలసినది తీయును, నిలువదగినది నిలుపును.

ప్రభువా, మా గోడలను నీవే పరీక్షించుము. మేము దాచినదానిని వెలుగులోనికి తెమ్ము. మా లాభము కొరకు పొరుగువాని పిల్లలను అపాయములో పెట్టకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.