కోనానే

పసిఫిక్ మహాసముద్రమున హవాయి ద్వీపములు కలవు. అవి అగ్నిపర్వతములవలన పుట్టినవి. అచటి పూర్వులకు రాయియే పనిముట్టు, రాయియే ఆటవస్తువు. నల్లని లావా గులకరాళ్లును, తెల్లని పగడపు ముక్కలును కాయలుగా వారు ఇరువురు కూర్చుండి ఆడిన ఆట పేరు కోనానే.

ఆటపలకను ‘పపమూ’ అందురు. కొన్ని పలకలను కొయ్యతో చేసిరి. కొన్నిచోట్ల సముద్రపుటొడ్డు బండలమీదనే వరుసగా గుంటలు తొలిచిరి. పూర్వము అపరాధులకు శరణిచ్చిన హోనౌనౌ క్షేత్రమున అట్టి బండ నేటికిని కానవచ్చును.

పలక నిండ నలుపు, తెలుపు కాయలను ఒకటి విడిచి ఒకటిగా పరతురు. నడుమనున్న నల్లకాయ నొకదానిని, దాని ప్రక్క తెల్లకాయ నొకదానిని తీసివేసి ఆట మొదలిడుదురు. ఆటగాడు తన కాయతో ప్రక్కనున్న ఎదుటివాని కాయను దాటి, ఆవలి ఖాళీ గుంటలో దిగవలెను. దాటిన కాయ చచ్చును. అదే వరుసలో వీలున్నచో మరల దాటవచ్చును, ప్రక్కకు తిరుగరాదు. చంపక కదలుటకు వీలులేదు. మన పులిజూదమున పులి వేటాడును, మేకలు దారి కట్టును. కోనానేలోనన్ననో ఇరువురును వేటగాండ్రే.

అయినను ఎక్కువ కాయలను చంపినవానిదే గెలుపు కాదు. ఎత్తు లేక నిలిచిపోయినవాడు ఓడును. ఆశపడి మూడు కాయలను ఒక్కసారి దాటినవాని కాయ ఒంటరియై, మరల కదలలేకపోవచ్చును. రాబోవు ఎత్తును దాచుకొనినవాడే నేర్పరి.

1778లో కెప్టెన్ కుక్ ఓడలు ఆ దీవులను చేరెను. 1784లో అచ్చయిన యాత్రాగ్రంథమున జేమ్స్ కింగ్ అను అధికారి 238 గళ్ల పలకను వర్ణించెను. 1810 నాటికి దీవులన్నిటిని ఏకము చేసిన కమేహమేహా రాజు ఈ ఆటలో గొప్ప నేర్పరియని ప్రసిద్ధి.

1820లో క్రైస్తవ మతబోధకులు వచ్చిన పిమ్మట పందెములతో కూడిన ప్రాచీన క్రీడలకు ఆదరము తగ్గెను. 1896 నాటి చట్టము బడులలో ఆంగ్లమును బోధనాభాషగా చేసెను. తాతల మాట మనుమలకు అందకపోగా, తాతల ఆటయు మరుగుపడెను. గుంటలు తొలిచిన బండలు మిగిలెను గాని, వాటిపై కాయలు పరచువారు అరుదైరి.

1978లో హవాయి రాజ్యాంగము ఆ దేశభాషకు అధికార స్థానము నిచ్చెను. నేడు అచటి బాలబాలికలు బడులలో కోనానే నేర్చుచున్నారు. బండ నిలిచినంతమాత్రమున ఆట నిలువదు. నేర్పువారును, నేర్చువారును ఎదురెదురుగా కూర్చుండవలెను.