చీర చిరిగినా పోని రంగు

మా నాన్నగారు చీరాల ప్రాంతంలో నూలు చిలపలకు రంగులు వేసేవారు. సంవత్సరం పొడవునా వారి అరచేతులు నీలంగానో ఎర్రగానో ఉండేవి. "చీర చిరగాలేగాని మన రంగు పోదురా" అనేవారు సగర్వంగా. తొట్టిలో మిగిలిన నీటిని మాత్రం పెరటి వెనుక బోదెలోకి పారబోసేవారు. కొన్నేళ్ళకు మా బావినీరు వన్నె మారింది. అమ్మ మారుమాటాడక బిందె తీసుకొని వీధి చివరి బావికి నడవసాగింది. ఆ నడకకు కారణం నాన్నగారి నైపుణ్యమేనని గ్రహించడానికి నాకు ఏళ్ళూ పూళ్ళూ పట్టింది.

పోయిన నెల, సూక్ష్మజీవశాస్త్రం చదివిన నా పూర్వ విద్యార్థిని ఒకతె రెండు గాజుకుప్పెలు చూపింది. ఒకదానిలో కెంపువన్నె అద్దకపు నీరు. రెండవదానిలోనూ మొదట అదే నీరట. ఇప్పుడందులో దూదిపింజ వంటి బూజు తేలుతోంది, నీరు దాదాపు తేటపడింది. "బూజుపట్టిన భావాలు" అంటూ ముప్పయ్యేళ్ళు పిల్లలను గద్దించిన తెలుగు పండితుణ్ణి. ఆ మాటను వెనక్కు తీసుకోవాలనిపించింది.

ఎండకూ సబ్బుకూ లొంగకూడదని చేసిన రంగు, మురుగును శుద్ధిచేసే సాధారణ బాక్టీరియాకూ సులభంగా లొంగదు. వస్త్రంలో ఏది గుణమో నీటిలో అదే దోషం. అడవిలో మ్రానులను కుళ్ళబెట్టే 'తెల్లకుళ్ళు' శిలీంధ్రాల తీరు వేరు. కర్రకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌కు క్రమమైన అల్లిక లేదు. కనుక దానిని విరిచే ఎంజైములు ఒకే రూపానికి కట్టుబడినవి కావు. శిలీంధ్రం వాటిని తన దేహం వెలుపలికి స్రవిస్తుంది. అవి రంగు అణువులనూ విరుస్తాయి. ఫానెరోకీట్ క్రైసోస్పోరియం అనే శిలీంధ్రంలో అట్టి ఎంజైమును 1983లో గుర్తించారు. ఆ శిలీంధ్రం కాంగో రెడ్ వంటి రంగులను విరుస్తుందని 1990లో ప్రకటితమైంది.

"మరి ఊరూరా ఎందుకు పెట్టలేదమ్మా?" అన్నాను.

వేడి, క్షారం, ఉప్పు నిండిన అసలు మురుగులో బూజు బతకడం కష్టమట. బతికినా బాక్టీరియా దానిని అణగదొక్కవచ్చునట. నీటిలోని ఉప్పును అది తొలగించలేదు. "పైగా రంగు పోయినంతమాత్రాన విషం పోయినట్లు కాదు మాస్టారూ. విరిగిన ముక్కలను మళ్ళీ పరీక్షించాలి" అన్నది.

నొయ్యల్ నది కాలుష్యం కారణంగా 2011లో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకశాలలను మూసివేయమన్నప్పుడు, న్యాయమే అనుకొన్నాను. ఆనాడు పని పోయిన చేతులు నాన్నగారి చేతుల వంటివేనని తోచలేదు. బావిలో మంచినీరూ ఉండాలి, ఆ చేతులకు పనీ ఉండాలి.

తేటపడిన కుప్పెను వెలుతురుకు ఎత్తి చూశాను. అమ్మ అయితే అంతటితో నమ్మేది కాదు. ముందు వాసన చూసి, ఆ తరువాతే బిందెలో పోసుకొనేది.