ఒంటి కన్ను కారు

రాత్రిపూట ఎదురుగా ఒక్క లైటే వస్తుంటే ఏమనుకుంటాం? బైకనుకుంటాం. లారీ డ్రైవరూ అదే అనుకుని బైకుకి సరిపడా దారే వదులుతాడు. పోయింది మన కారు కుడి లైటయితే, వెలిగే లైటుకి ఇవతల, రోడ్డు మధ్య వైపు, ఇంకో నాలుగడుగుల కారు చీకట్లో ఉంటుంది. ఆ పక్క స్టీరింగ్ పట్టుకుని కూర్చునేది మనింటి మనిషే.

మేముండేది పాల్వంచలో. భద్రాచలం రోడ్డెక్కితే చాలావరకు అడవే. వానాకాలం పశువులు పొడిగా ఉంటుందని తారు రోడ్డు మీదే పడుకుంటాయి. నల్ల గేదె దగ్గరికొచ్చేదాకా కనపడదు.

మొన్న శ్రావణంలో మా కారు కుడి లైటు పోయింది. రామబాణానికి కన్ను పోగొట్టుకున్న కాకాసురుడని మావాడు దానికి పేరు కూడా పెట్టాడు. (తల్లి తెలుగు బి.ఏ. అయితే పిల్లల వెక్కిరింతలు ఇలాగే ఉంటాయి.) ఆదివారం చూద్దాంలే అన్నారు మావారు. బుధవారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "నాన్నకి రాత్రి నుంచి ఆయాసంగా ఉందే. 108 ఎక్కనంటున్నారు. అల్లుడొస్తేనే వస్తారట." మా పుట్టిల్లు పర్ణశాల దగ్గర, భద్రాచలం దాటాక ఇంకా 35 కిలోమీటర్లు. మావారు డ్యూటీ దిగేసరికి ఆరు. మెకానిక్ ఏదో పెళ్లికి పోయాడట.

బానెట్ నేనే ఎత్తాను.

కుడి లైటు బ్రైట్‌లో వెలుగుతోంది, డిమ్‌లో లేదు. మా కారు బల్బులో రెండు తీగలుంటాయి, డిమ్‌కొకటి, బ్రైట్‌కొకటి. ఎదురుబండి వచ్చినప్పుడు వేసేది డిమ్మే కదా, సరిగ్గా అప్పుడే ఒంటి కన్ను! తెగింది బల్బులో తీగా, లేక ఫ్యూజా? వంటింట్లో లైటు వెలక్కపోతే ఏం చేస్తాం, హాల్లో బల్బు తీసి పెట్టి చూస్తాం. ఇక్కడా అంతే. ఇంజను ఆపి, లైటు చల్లారనిచ్చి, వెనక ప్లగ్గు లాగి, రబ్బరు టోపీ తీసి, స్ప్రింగు క్లిప్పు నొక్కితే బల్బు చేతికొచ్చింది. ఎడమది తీసి కుడికి పెట్టాను. వెలిగింది. అంటే వైర్లూ ఫ్యూజూ బాగానే ఉన్నాయి. తప్పు బల్బుదే.

షాపతను "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. తర్వాత, "అడవి రోడ్డు కదా, 100 వాట్లది పెట్టుకోండి" అన్నాడు. వద్దన్నాను. పాత దాని మీద హెచ్4, 60/55 వాట్లని రాసి ఉంది. ఎక్కువ వాట్లది పెడితే ఆ వేడికి హోల్డరు కరుగుతుంది, ఎదుటివాడి కళ్లూ జిగేల్మంటాయి. అవే రెండు తీసుకున్నాను. ఎడమదీ అదే వయసుది మరి.

కొత్త బల్బు గాజు మాత్రం వేళ్లతో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. నేను ఉతికిన నూలు గుడ్డతో పట్టుకున్నాను. రెక్కలు మూడూ గాడిలో కూర్చునేదాకా తిప్పలు పడ్డాను గానీ, బలవంతం చేయలేదు. రబ్బరు టోపీ సరిగ్గా బిగించకపోతే లోపలికి తేమ చేరుతుంది. చివరికి కారుని ప్రహరీగోడకి ఎదురుగా పెట్టి చూశాను. రెండు వెలుగులూ ఒకే ఎత్తులో పడ్డాయి.

ఆరున్నరకి బయల్దేరాం. సారపాక చేరేలోపు రెండుచోట్ల గేదెల మంద, రెండుసార్లూ దూరం నుంచే కనపడ్డాయి. నాన్నని తీసుకుని భద్రాచలం ఆసుపత్రికి చేరేసరికి పదకొండు దాటింది. నెబ్యులైజర్ పెట్టాక ఆయాసం నెమ్మదించింది. "లైటు ఎవరు బాగుచేశారు?" అని అడిగారు. "మీ అమ్మాయే" అన్నారు మావారు. నాన్న నమ్మలేదు.

బాగున్న పాత ఎడమ బల్బుని గుడ్డలో చుట్టి డాష్‌బోర్డులో పెట్టాను.